మేకు లేని బల్ల

షాలేమ్‌రాజు చేతికి సెల్‌ఫోను ఇచ్చినవాడికి దేవుడు ఏ మేలూ చేయకూడదని క్రీస్తుదాసు ఇప్పటికీ కోరుకుంటాడు. ఆ ఫోను కొనిపెట్టింది తనే కాబట్టి పైకి మాత్రం అనడు. షాలేమ్‌రాజు అతని భార్య సంపూర్ణకు ఒక్కగానొక్క తమ్ముడు. జూలూరుపాడు సెంటర్లో రీచార్జి కొట్టు. తెలివి తక్కువ, ఉచిత మెసేజీలు ఎక్కువ.

క్రీస్తుదాసు ఏడో తరగతిలో బడి మానేసి, కరెంటు మోటార్లకు వైండింగ్ చేస్తూ బతుకుతున్నాడు. అది కూటికి. మనసుకు మాత్రం చెక్కపని. ఇంటి వెనక తాత వదిలిపోయిన జాగాలో రేకుల షెడ్డు వేసుకుని, సాయంత్రం అయితే చాలు, చిత్రిక పడుతూ కూర్చునేవాడు. ఇలా కూటికి ఒకటి, మనసుకు ఒకటి పెట్టుకున్నవాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకో ముగ్గురున్నారు. సత్తుపల్లి దగ్గర పామాయిల్ తోటలున్న వెంకటరామారావు చేతికర్రలు చెక్కేవాడు. కారేపల్లి దగ్గరి తండాలో ఉండే పోస్ట్‌మ్యాన్ భద్రు దువ్వెనలు, గరిటెలు చేసేవాడు. షాలేమ్‌రాజు బొంగరాలు చేసేవాడు. అవి తిరిగేవి కావు.

నెలకో ఆదివారం నలుగురూ ఒకరింట్లో కలిసేవారు. కొత్తగా చేసిన వస్తువు మీద గుడ్డ కప్పి ఉంచి, అందరూ వచ్చాక తీసి చూపించడం వాళ్లు పెట్టుకున్న పద్ధతి. చూసినవాళ్లు మెచ్చుకోవాలి, లేదంటే తప్పు పట్టాలి. వెంకటరామారావు ఎప్పుడూ రెండోదే చేసేవాడు. రెండేళ్ల కిందట క్రీస్తుదాసు చేసిన పీటను తిరగేసి చూసి, "బాగానే ఉంది గానీ దాసూ, మేకులు కొట్టి ఎవడైనా చేస్తాడు" అన్నాడు.

ఆ మాట క్రీస్తుదాసుకు అరగలేదు. ఎవరిదో పాత ఇల్లు కూలుస్తుంటే టేకు దూలం ఒకటి కొన్నాడు. షెడ్డుకు తాళం వేసుకుని, ఏం చేస్తున్నదీ బామ్మర్దికి కూడా చెప్పకుండా, పదకొండు నెలలు కూర్చుని బల్ల చేశాడు. నాలుగు కాళ్లూ చెక్కలోకి చెక్క దించి బిగించినవే. వెంకటరామారావు నోటి నుంచి "మేకు లేదు" అన్న మాట రావాలి. ఈ లోకంలో అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

రెండు వేల ఏడు, జూన్ నెలాఖరు శుక్రవారం పొద్దున అతను రీచార్జి కొట్టుకు వెళ్లాడు.

"ఎల్లుండి పది గంటలకు మా ఇంట్ల బల్ల ఉన్నదని మనోళ్లకు మెసేజ్ కొట్టు, రాజూ."

"మనోళ్లందరికా, బావా?"

"అవ్. అందరికి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. క్రైస్తవుల ఇళ్లల్లో బల్ల అంటే నాలుగు కాళ్ల చెక్క ఒక్కటే కాదు. నెల మొదటి ఆదివారం మందిరంలో పాస్టరుగారు రొట్టె విరిచి, ద్రాక్షరసం ఇచ్చే ఆరాధన కూడా బల్లే. ఎల్లుండి సరిగ్గా మొదటి ఆదివారం. పైగా వాళ్ల మందిరం ఒక కిరాయి హాలు. ఖాళీ చేయమని ఓనరు రెండు నెలలుగా వెంటపడుతున్నాడు. అందువల్ల షాలేమ్‌రాజుకు గాని, అతని మెసేజ్ అందుకున్నవాళ్లకు గాని అనుమానం రాలేదు. మందిరం ఈసారికి దాసు ఇంటికి మారిందనుకున్నారు. ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్ పోయింది, ఒక్క పాస్టరు జయరాజ్ అయ్యగారికి తప్ప. ఆయనది వేరే కంపెనీ నంబరు, మెసేజీకి రూపాయి పడుతుంది. ఆయన పెట్టే బల్ల సంగతి ఆయనకు చెప్పేదేముందని షాలేమ్‌రాజు ఆ రూపాయి మిగిల్చాడు.

ఆదివారం పొద్దున సంపూర్ణ బల్ల మీద తెల్ల దుప్పటి కప్పింది. వచ్చే ముగ్గురికోసం దాని మీదే రెండు బ్రెడ్డు పాకెట్లు, గాజు జగ్గులో ఎర్ర షర్బత్ పెట్టింది. తొమ్మిదిన్నరకు తెల్లచీరల ఆడవాళ్లు ఐదుగురు వచ్చి షెడ్డులో కూర్చున్నారు. పది అయ్యేసరికి అరవై మంది అయ్యారు. తన పనితనం ఇంత దూరం పాకిందా అని క్రీస్తుదాసు పొంగిపోయి, పక్కింటి నుంచి చాపలు తెచ్చి పరిచాడు. ముందు వరుసలో కూర్చున్న ఏసోబు తాత అతన్ని దగ్గరికి పిలిచాడు.

"బల్ల ఎవరిస్తరు, దాసూ?"

"ఇచ్చేది లేదు తాతా. చూపిస్త, చూసి పోండ్రి."

"చూసి పోవుడేంది? రాత్రికెల్లి ఉపాసమున్నం."

"బల్లకు ఉపాసమెందుకు?"

"ముట్టాలంటే ఉండాలె గద, బిడ్డా."

క్రీస్తుదాసు ఇంకో చాప తెచ్చి తాత కింద పరిచాడు. తన చెక్కపనిని ముట్టుకోవడానికి ఉపవాసం ఉన్న మనిషిని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

అప్పుడే ఎవరో పాట ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు. సంపూర్ణ అతన్ని చెయ్యి పట్టి గుమ్మం బయటికి లాక్కొచ్చింది.

"వీళ్లు నీ చెక్క కోసం రాలే. రొట్టె సంస్కారం కోసమొచ్చిండ్రు. అయ్యగారు చూస్తే, వేరే మందిరం పెట్టి సంఘాన్ని చీల్చిండంటడు. సంఘం పుస్తకంల పేర్లు కొట్టేసినంక రేపు చస్తె మనకు మట్టి పెట్టేటోడు గూడ ఉండడు."

క్రీస్తుదాసు పాట ఆపి నిజం చెబుదామని లోపలికి వెళ్లాడు. అయితే ఆ పాటకు తొమ్మిది చరణాలున్నాయి. నాలుగో చరణంలో వెంకటరామారావు, భద్రు వచ్చారు. వాళ్ల చెప్పులు విప్పించి, చేతికి పాటల పుస్తకం ఇచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు. దాసు చూపించేది ఈసారి ఇంత ఘనంగా ఉందేమిటని వెంకటరామారావు గొణిగితే, మేం దువ్వెన చేసినా ఇట్లనే పాడాలె సార్ అని భద్రు అన్నాడు. ఏడో చరణానికి వెంకటరామారావుకు ఓపిక చచ్చిపోయింది. మేకు ఎక్కడుందో చూడాలని దుప్పటి అంచు ఎత్తి, బల్ల కిందికి దూరాడు.

అదే సమయానికి జయరాజ్ అయ్యగారు గుమ్మంలోకి వచ్చారు. ఆయన ఎప్పట్లాగే హాలుకు వెళితే, లోపల ఫోను లేని తబితమ్మ ఒక్కతే ఉంది. అందరూ దాసు ఇంటికి బల్లకు పోయారని దారిన పోయేవాళ్లు ఇప్పుడే చెప్పారని ఆమె అంది. ఆమెను మోపెడ్ వెనక ఎక్కించుకుని వచ్చారు. ఆయన కళ్లకు ముందు తెల్ల దుప్పటి కనిపించింది, దాని మీద రొట్టె, ఎర్రటి రసం. చుట్టూ తన సంఘం మొత్తం. దుప్పటి కింద నుంచి బయటికి రెండు పాదాలు.

పాట ఆగిపోయింది.

"ఈ బల్ల ఎవరికోసం పెట్టినవ్, దాసూ?" అని అయ్యగారు నెమ్మదిగా అడిగారు. ఆయన నెమ్మదిగా అడిగారంటే పేరు కొట్టేయబోతున్నారని అర్థం.

నిజం చెప్పాలంటే, ఆ రెండు పాదాలు ఎవరివో ఆ మనిషి కోసం. ఆ మాట అనే ధైర్యం క్రీస్తుదాసుకు లేకపోయింది.

"మీకోసమే, అయ్యగారూ."

అయ్యగారు తల ఎత్తి రేకుల కప్పు చూశారు, గోడలు చూశారు. "మరి ఈ జాగ?"

ఇంటికొచ్చిన పెద్దమనిషితో ఎవరైనా అనే మాటే అతనూ అన్నాడు. "అంతా మీదే, అయ్యగారూ."

సరిగ్గా అప్పుడు బల్ల కింద నుంచి గొంతు వినిపించింది.

"లేదు. ఒక్క మేకు కూడా లేదయ్యా!"

జూలూరుపాడులో దాన్ని మొల అంటారు. మేకు అనేది సత్తుపల్లి వైపు మాట. బైబిల్లో సిలువకు కొట్టినవి కూడా మేకులే, కాబట్టి అక్కడున్నవాళ్లకు ప్రభువు చేతుల మేకులే గుర్తొచ్చాయి. తబితమ్మ రెండు చేతులూ ఎత్తి "స్తోత్రం" అంది. వెనకనున్న అరవై మందీ అన్నారు. క్రీస్తుదాసు రెండేళ్లుగా ఎదురుచూసిన మాట ఆ స్తోత్రాల కింద పడి నలిగిపోయింది.

అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. కిరాయి హాలు పోయే వేళకు సొంత జాగా ఇచ్చినందుకు, అడగకుండానే బల్ల చేసి పెట్టిన చేతుల కోసం, ఆ చేతులు పుట్టిన ఇంటి కోసం దేవుడికి వందనాలు చెప్పారు. ఇరవై నిమిషాలు పట్టింది. నడుమ నాలుగుసార్లు క్రీస్తుదాసు నోరు తెరిచాడు. కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్న మనిషిని ఆపడం ఎలాగో అతనికి ఎవరూ నేర్పలేదు. చివర అందరూ ఆమేన్ అన్నారు. నలభై ఏళ్ల అలవాటు కొద్దీ అందరికంటే గట్టిగా అన్నది అతనే. ఆమేన్ పడ్డాక ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నవాడు ఆ సంఘంలో ఇంతవరకు లేడు.

ఇప్పుడు ఆ షెడ్డుకు సున్నం వేశారు. బల్ల మీద అయ్యగారి భార్య అల్లిన లేసు గుడ్డ నేల దాకా వేలాడుతుంది. మళ్లీ ఎవరూ కిందికి దూరకుండా నాలుగు వైపులా పిన్నులు పెట్టారు. దాని కాళ్లు ఎలా బిగించి ఉన్నాయో చూసిన మనిషి ఒక్క వెంకటరామారావే కదా అని, తర్వాతి నెల భద్రు ఇంట్లో కలిసినప్పుడు పని ఎలా ఉందని క్రీస్తుదాసు ఆశగా అడిగాడు.

వెంకటరామారావు చేతికర్ర తుడుచుకుంటూ, "దుప్పటి కింద అంతా చీకటి, దాసూ. ఏమీ కనబళ్ళా. నలుగురిలో నీ పరువు పోతుందని అట్టా అన్నాను" అన్నాడు.

జాగాను మందిరానికి రాసిచ్చిన దస్తావేజు మీద మొదటి సాక్షి సంతకం షాలేమ్‌రాజుది. పోయింది రెండు గుంటల పద్దెనిమిది గజాలు. బల్లను కాగితంలో రాయలేదు.