బోణీ అయిన మూట

ఆ బుధవారం పొద్దున కౌముది వేసుకున్న పథకం చాలా చిన్నది. తలంటుకోవాలి, రెండు ఇడ్లీలు తినాలి, తాను తయారుచేసిన గేమ్ కంట్రోలర్‌ను సంచిలో పెట్టుకుని పదకొండు గంటలకల్లా కాలేజీలో ఎగ్జామినర్ ముందు కూర్చోవాలి. ఎలక్ట్రానిక్స్ చివరి ఏడాది ప్రాజెక్టు అది. డెమో గట్టెక్కితే డిగ్రీ. లేకపోతే ఆరు నెలలు ఆగాలి. తను ఆగినా, చెన్నైలో చేతికొచ్చిన ఉద్యోగం ఆగదు.

ఆ కంట్రోలర్ కథ కొంచెం చెప్పాలి. కొట్లో దొరికేవాటి బొత్తాలు కందిగింజలంత ఉంటాయి. కౌముది అవ్వ విశాలాక్షికి కీళ్ళవాతంతో వేళ్ళు బిగుసుకుపోయాయి. ఆవిడకేమో మనవరాలి లాప్‌టాప్‌లో కారు పందెం ఆడాలని మహా కోరిక. అందుకని కౌముది పూరీలంత బొత్తాలు పెట్టి, అరచేత్తో నొక్కినా పనిచేసే పెట్టె ఒకటి చేసింది. ఆటలో కారు దేనికైనా గుద్దుకుంటే, మధ్యలో వైరంటూ లేకపోయినా పెట్టె బుర్రుమని వణుకుతుంది. ఆ వణుకు కోసం అవ్వ కావాలనే గుద్దేది.

అవ్వకు మనవరాలంటే ప్రాణం. ఆ ఇంట్లో కొత్త మిక్సీ వచ్చినా, కొత్త స్కూటర్ వచ్చినా, పసుపునీళ్ళు చల్లి బొట్టు పెట్టందే వాడరు. మరి ఇంత చదువు చదివిన పెట్టెను ఊరికే పంపుతారా? కౌముది సీకాయపొడి తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళగానే, అవ్వ కంట్రోలర్‌ను పీట మీద కూర్చోబెట్టి మామిడాకుతో పసుపునీళ్ళు చల్లింది. ఒకసారి చాలదనిపించి మూడుసార్లు చల్లింది. బొత్తాల సందుల్లోంచి నీళ్ళు లోపలికి దిగడం చూసి కేక పెట్టింది.

"రేయ్ మురళీ! నీళ్ళు లోపలికి పొయ్యినాయిరా!"

మురళీధర్ ఆవిడ పెద్దకొడుకు, కౌముది తండ్రి. తమ్ముడు రాఘవన్‌తో కలిసి ఇంటి కిందే బియ్యం మండీ నడుపుతాడు. "దీనికేందిమా అంత భయం?" అన్నాడు. "పోయినేడు వీరాంపట్టినం తేరు పండగ నాడు నా ఫోను సముద్రంలో పడలే? బియ్యంలో పెడితే పొద్దుగూకే లోపల మాట్లాడలే? మనకు బియ్యానికా కరువు?"

కరువు లేకపోవడమే కొంపముంచింది. ఆయన కిందికి దిగి, ముందు వరసలోని పొన్ని బియ్యం మూట ఒకటి విప్పి, పెట్టెను నడుమ్మధ్యన పాతిపెట్టాడు. స్విచ్చి ఒకటి ఉంటుందని, దాన్ని ఆపాలని ఆయనకు తట్టలేదు. పైగా ఎలుకలు వస్తాయేమోనని గోనెసూది తీసి మూట మూతి కుట్టేశాడు. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, విప్పిన మూటని బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేనంత చక్కగా కుట్టాడు. కుట్టి, పైకి వెళ్ళి కాఫీకి కూర్చున్నాడు.

ఆయన కాఫీ చల్లారేలోగా కింద రాఘవన్ బోణీ చేశాడు. కిరుమాంబాక్కంలో కేశవన్‌గారి కూతురి పెళ్ళి. అనుకున్నదానికంటే చుట్టాలు ఎక్కువ దిగారట, అర్జెంటుగా ఐదు మూటల పొన్ని కావాలట. రాఘవన్ ముందు వరసలోని ఐదు మూటలూ వ్యానుకెక్కించి, వాళ్ళిచ్చిన నోట్లు కళ్ళకద్దుకున్నాడు.

తలకు తువ్వాలు చుట్టుకుని కౌముది బయటికి వచ్చింది. "అవ్వా, నా కంట్రోలర్ యాడ?"

"మీ నాయన బియ్యంలో పెట్టినాడు కన్నూ. ఆరిపోతది."

కిందికి వెళ్ళి చూస్తే ముందు వరస జాగా ఖాళీగా ఉంది. మురళీధర్ ముఖం పాలిపోయింది. సంగతి విన్న కౌముది, "చిన్నాయనా, ఫోను చేసి ఆ వ్యాను వెనక్కి పిలువు!" అని అరిచింది.

రాఘవన్ చెవులు మూసుకున్నాడు. "బోణీ సరుకు వెనక్కి పిలుస్తారా పాపా? వాళ్ళకూ కీడు, మనకూ కీడు."

"మరి నా డిగ్రీ?"

"మీరు పొయ్యి తెచ్చుకోండి. పొయ్యేదానికి తప్పులేదు, పిలిచేదే తప్పు."

బజారు శాస్త్రానికి అప్పీలు లేదు. కౌముది లాప్‌టాప్ భుజాన వేసుకుంది. అవ్వ చీర మార్చుకునేదాకా ఆగి, ముగ్గురూ ఆటో ఎక్కారు. "తప్పు నాది, నేనూ వస్తా" అని ఆవిడ పట్టు. అరియాంకుప్పం వంతెన మీద ఆటో నిలిచిపోయినప్పుడు మురళీధర్ ఉండబట్టలేక, పెళ్ళివంట చేస్తున్న పొన్నమ్మాళ్‌కు ఫోను కొట్టాడు. తెలుగు పెళ్ళిళ్ళకు వండి వండి ఆవిడకు తెలుగు బాగా పట్టుబడింది.

"అక్కా, మా బియ్యం మూటలు ఇప్పొద్దు. వస్తాండాము."

"ఏంటికి?"

బియ్యంలో పెట్టె కుట్టి అమ్మామంటే మండీ పరువేం కావాలి? "వచ్చి చెప్తా" అని పెట్టేశాడు.

ఆ సగం మాట చేయాల్సిన పనంతా చేసింది. వాళ్ళు వెళ్ళేసరికి పదకొండు కావస్తోంది. తాళి కట్టడం ఎప్పుడో అయిపోయింది. వాకిట్లో ఐదు మూటలూ వరసగా నిలబెట్టి ఉన్నాయి, పెళ్ళివారంతా పది అడుగుల దూరంలో ఉన్నారు. పురుగు పట్టిందంట అని ఒకరు, పురుగులమందు కలిసిందంట అని ఇంకొకరు.

"ఏందయ్యా మురళీధర్! నా బిడ్డ పెళ్ళికి ఏం బియ్యం పంపినావు?" కేశవన్ మీదికొచ్చాడు.

"బంగారం లాంటి బియ్యం సామీ! ఒక్క మూటలో మాత్రం... బొత్తాల పెట్టె ఉండాది."

ఈ మాట నమ్మినవాడు ఆ వాకిట్లో లేడు.

కౌముదికి వాదించే తీరిక లేదు. నీళ్ళ డ్రమ్ము మీద లాప్‌టాప్ తెరిచింది, ఆట పెట్టింది, కీబోర్డుతోనే కారును నేరుగా గోడకేసి గుద్దింది. మూడో మూట బుర్రుమంది.

"పాము!"

క్షణంలో వాకిలి ఖాళీ. కేశవన్ కుర్చీ ఎక్కాడు. పొన్నమ్మాళ్ ఒక్కతే కూరగాయల కత్తి పట్టుకుని వచ్చింది. "నలభై ఏండ్లుగా బియ్యం కడుగుతాండా. బుర్రుమనే పామును యాడా చూళ్ళేదు" అంటూ మూట కోసి, పసుపు బొట్లతో మెరుస్తున్న పెట్టెను పైకి లాగింది. పెట్టె పొడిగా ఉంది. మురళీధర్ ఆకాశానికి దణ్ణం పెట్టాడు.

సంతోషం అరనిమిషం కూడా నిలవలేదు. ప్రాజెక్టు గైడు యోగిత మేడం ఫోను. "యాడుండావు కౌముదీ? సార్‌కు పదకొండున్నరకు బస్సు. నువ్వు లేకపోతే ఆబ్సెంట్ వేస్తారు."

ఎగిరివెళ్ళినా అందదు. కౌముది కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మేడం, వీడియో కాల్‌లో చూపిస్తా. సార్‌ను ఒక్కసారి అడగండి" అని బతిమాలింది.

ఎగ్జామినర్ ఫణిధర్ యానాం మనిషి, ఖచ్చితమైనవాడని పేరు. తెర మీదికి రాగానే కనుబొమలు ముడిపెట్టాడు. "ఏంటమ్మా, బియ్యం బస్తాల మధ్య డెమో ఏంటి? సరే చెప్పు." కౌముది గడగడా చెప్పింది. ఆయన అంతా విని, "బానే ఉంది. మీ మామ్మగారు కాకుండా బయటివాళ్ళెవరైనా వాడి చూశారా? సొంత మనవరాలు చేస్తే ఏ మామ్మైనా బాగుందనే అంటుంది" అన్నాడు.

అబద్ధం కౌముది నాలుక చివరిదాకా వచ్చింది. "లేదు సార్" అంది చివరికి.

ఇక అయిపోయిందనుకుంటుండగా వెనకనుంచి బుర్రుమంది. పొన్నమ్మాళ్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కారు తోలుతోంది. నలభై ఏళ్ళు గరిటె తిప్పి కొయ్యబారిన వేళ్ళు కదా, అరచేతులతో టపటపా బొత్తాలు కొడుతోంది. పక్కన విశాలాక్షి, "ఎడంపక్కకు తిప్పుమే! లారీని గుద్దు, గుద్దితేనే బాగుంటది!" అని ఎగదోస్తోంది.

"ఆవిడెవరు?" అన్నాడు ఫణిధర్.

"ఆమెను ఇందాకే మొదటిసారి చూసినా సార్. మూట కోసింది ఆమే."

"అమ్మా, చేతులు నొప్పెట్టట్లేదా?"

పొన్నమ్మాళ్ తల ఎత్తలేదు. "నొప్పీ లేదు, గిప్పీ లేదు. కొంచెం ఉండు సారూ, మలుపు వస్తాండాది."

ఫణిధర్ నిజంగానే ఆగాడు. మలుపు దాటింది, ఇంకో మలుపు దాటింది. ఆయన ముఖం మీద మెల్లగా నవ్వు వచ్చింది. "ఇరవై ఏళ్ళుగా ప్రాజెక్టులు చూస్తున్నాను. ఎగ్జామినర్ని ఆగమన్న యూజర్ని ఇవాళే చూశాను. పాసేంటమ్మా, క్లాసులో ఫస్టు మార్కు నీదే."

కౌముది అవ్వను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మురళీధర్ కళ్ళల్లో దుమ్ము పడిందంటూ అటు తిరిగాడు. కేశవన్ కుర్చీ దిగి, బియ్యం మంచిదేనని నలుగురికీ తానే చెప్పాడు.

పెళ్ళి భోజనాలు గంటన్నర ఆలస్యమయ్యాయి. ఇదేమిటని అడగాల్సిన కొత్త పెళ్ళికొడుకు, పొన్నమ్మాళ్ వెనక తన వంతు కోసం నిలబడి ఉన్నాడు.