టైపు గదికి దరఖాస్తు

ఆ రోజు మీటరుగారు పెట్టుకున్న పనులు మూడే. పదింటికల్లా జిల్లా కార్యాలయంలో ఒక కాగితం ఇవ్వడం, వచ్చేదారిలో రొట్టె కొనుక్కోవడం, పదకొండింటికి ఇల్లు చేరి పెరట్లో మొక్కలకు నీళ్లు పోయడం. ముప్పై రెండేళ్లు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లలో అంకెలు రాసుకుని, ఎవరిచేతా మాట పడకుండా రిటైరైన మనిషి ఆయన. అందుకే వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు.

ఆ కాగితం ఆయన భార్య గురించి. ఇంటి ముందుగదిలో ఆరు మిషన్లు పెట్టుకుని ఇరవై ఆరేళ్లు టైపు నేర్పింది ఆవిడ. ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. అయినా జిల్లా కార్యాలయం నుంచి ఆవిడ పేరు మీద ఉత్తరాలు ఆగలేదు. 'మీ వాణిజ్య గది అనుమతి పునరుద్ధరణకు స్వయంగా హాజరు కాగలరు' అని మొదటిది. ఆవిడ లేదని ఆయన జవాబు రాశాడు. 'హాజరు కాకపోవుటకు కారణం స్వయంగా వచ్చి తెలుపగలరు' అని రెండోది. ఈసారి మరణ ధ్రువపత్రం నకలు కూడా జత చేశాడు. 'మీ జవాబు అందినది. మీకు చివరి అవకాశం ఇవ్వడమైనది' అని మూడోది. ఆ మాట చదివాక ఆయన కుర్చీలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది.

కార్యాలయంలో కిటికీ వెనక ఉన్న గుమాస్తా అమ్మాయి మంచిది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

"మా ఆవిడ పోయిందమ్మా. ఈ ఉత్తరాలు ఆపేయండి, అంతే చాలు," అన్నాడాయన.

"అయ్యో, సారీ అంకుల్. కానీ ఇవి ఆవిడకి వెళ్తున్నవి కాదు, గదికి వెళ్తున్నవి. మా రికార్డులో ఆ గది వాణిజ్యం. అలా ఉన్నన్నాళ్లూ ఎవరో ఒకరి పేరు మీద ఉత్తరం వెళ్లాల్సిందే. మీ పేరు పెట్టేయమంటారా?"

"నాకు టైపు రాదు."

"అయితే గదిని మళ్లీ నివాసంలోకి మార్పించేసుకోండి. భూవినియోగ మార్పిడి అంటారు. ఒక్క ఫారం. మీరు కూర్చోండి, నేనే నింపిపెడతాను."

ఫారం మీద 'నివాసం నుంచి వాణిజ్యానికి' అని అచ్చయి ఉంది. అందరూ ఇటు నుంచి అటే అడుగుతారు. అటు నుంచి ఇటు అడిగినవాళ్లు తనకు తెలిసి ఈయనే మొదలని ఆ అమ్మాయి చెప్పింది. లేత నీలం సిరాతో ఆ మాటలు కొట్టేసి, పైన తిరగరాసింది. ఇంటి నంబరుకి గడి లేకపోవడంతో కంప్యూటర్లో వెతికి సర్వే నంబరు వేసింది. ఆయన సంతకం పెట్టాడు. పది నలభైకల్లా చేతిలో రొట్టెతో ఇంట్లో ఉన్నాడు. అనుకున్నదానికన్నా ఇరవై నిమిషాలు ముందే.

లేత నీలం సిరా జిరాక్సులో పడదని ఆయనకు తెలియదు. ఆ సర్వే నంబరు తన ఒక్క ఇంటిది కాదనీ, వీధిలోని ముప్పై నాలుగిళ్లదనీ అంతకన్నా తెలియదు.

తొమ్మిదో రోజు పొద్దున ఇద్దరు మనుషులు వచ్చి ఆయన గేటు పక్కన గుంట తవ్వి పసుపు రంగు బోర్డు పాతి వెళ్లారు. ఈ వీధిలోని ముప్పై నాలుగు ఇళ్ల స్థలాన్ని నివాసం నుంచి వాణిజ్యానికి మార్చే ప్రతిపాదన ఉందని, అభ్యంతరాలుంటే తెలపాలని దాని సారాంశం. అడుగున, దరఖాస్తుదారు అన్నచోట, ఎవరికీ అవసరం పడని ఆయన అసలు పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఆయన పెరట్లో మొక్కల దగ్గర ఉండటంతో, దాన్ని చివరగా చదివినవాడు ఆయనే.

మొదట చదివింది పక్కింటి లెక్కల మాస్టారు. "ఇదేమిటండీ మీటరుగారూ?" అని, ఆయన కూడా చదివేదాకా ఆగి, గోడ మీదుగా కేకేశాడు.

"పొరపాటు మాస్టారూ! నేను ముందుగది తీసేయించడానికి వెళ్లాను, అంతే."

"తీసేయిస్తున్నారా? అంటే మీ ఇంటి నుంచే పడగొట్టుకొస్తారా?"

"పడగొట్టడం కాదు. రికార్డులో..."

"రికార్డులోకి కూడా ఎక్కించేశారూ!"

మధ్యాహ్నానికి ఆ కబురు వీధి ఆ చివరకు చేరింది. సాయంత్రానికి తిరిగి వచ్చేసరికి దానికి కూల్చే తేదీ కూడా ఒకటి తగులుకుంది. మర్నాడు ఆయన ఎదురింటికి వెళ్లి, "మీ ఇంటికేం భయం లేదు, నాది పూచీ," అన్నాడు. ఎవరి ఇల్లు ఉంచాలో ఎవరిది తీయాలో ఈయన చేతిలోనే ఉందన్నమాట అని ఎదురింటివాళ్లకు నిద్ర పట్టలేదు. ఆయన నోరు విప్పిన ప్రతిసారీ ఇంకో ఇల్లు తలుపు వేసుకుంది. మూడు రోజుల్లో వీధిలో ఆయన్ను పలకరించేది ఒక్క కుక్కే అయింది. అదీ బోర్డు దగ్గర పని ఉండి వచ్చేది.

నాలుగో రోజు ఒక పొడుగాటి తెల్లకారులో బిల్డరొకడు దిగాడు. గేటు దగ్గరే, అందరూ చూస్తుండగా, ఆయన్ను గట్టిగా వాటేసుకున్నాడు. "మీలాంటి ముందుచూపున్న పెద్దలు వీధికి ఒక్కరున్నా చాలు సార్!" అంటూ కారు మీదే ఒక ప్లాను పరిచాడు. అందులో వీధి లేదు. ఏడంతస్తుల భవనం ఉంది.

"మరి మా ముందుగది?" అన్నాడు మీటరుగారు, తెలియక, ప్లాను మీద వేలు పెట్టి.

"అక్కడా? కార్లు కిందికి దిగే దారి సార్!"

ఆయన వేలు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. కానీ ఇంటికొచ్చిన మనిషి కదా అని గ్లాసుడు మంచినీళ్లిచ్చాడు. ప్లాను మీద వేలు పెట్టడం, నీళ్లివ్వడం కిటికీల్లోంచి అందరూ చూశారు. పై అంతస్తులో తన వాటా ఆయన వేలు పెట్టి మరీ ఎంచుకున్నాడని ఆ సాయంత్రమే తేలిపోయింది.

వెనక వీధిలో ఉండే మరదలు రోజూ సాయంత్రం టిఫిన్ బాక్సు తెచ్చేది. ఆ రోజు ఉత్త చేతులతో వచ్చింది.

"బావగారూ, అక్క పోయి ఏడాదిన్నర కూడా కాలేదు."

"నువ్వు కూడానా అమ్మా? పొరపాటు జరిగింది. గుమాస్తా అమ్మాయి..."

"పద్నాలుగు నెలలుగా ఆ గది తలుపు తీయనివ్వలేదు మీరు. దుమ్ము దులుపుతానన్నా వద్దన్నారు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. రేపు కూల్చేసేదానికి దుమ్ము దులపడమెందుకని!"

 ఆవిడను తీసుకెళ్లిన రోజే ఆయన ఆ గదికి తాళం వేశాడు. ఇరవై ఆరేళ్లు ఆ టకటకల మధ్యే పేపరు చదివాడు, ఆ టకటకల మధ్యే కునుకు తీశాడు. ఇప్పుడు ఆ తలుపు ముందు నుంచి వెళ్లేటప్పుడు అడుగు కాస్త వేగంగా పడుతుంది. అదంతా ఒక మాటగా ఎలా చెప్పాలో తెలియక, "కూర్చోమ్మా," అన్నాడు. మరదలు కూర్చోకుండానే వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే దరఖాస్తు వెనక్కి తీసుకుంటానని కార్యాలయానికి పరుగెత్తాడు.

"తీసుకోవచ్చు అంకుల్," అని ఆ అమ్మాయి తెర వంక చూసింది. "దానికి... గది అనుమతిదారు సంతకం కూడా కావాలంటోంది."

"ఆవిడేగా అమ్మా పోయింది!"

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. కంప్యూటరుకు మాత్రం ఏమీ కాలేదు. "మీరు విచారణ రోజు కమిటీ ముందే చెప్పుకోవాలి అంకుల్. నీలం సిరా సంగతి నేను కూడా వచ్చి చెప్తాను. కానీ ముందు ఈ అభ్యంతరాలకి మీరు జవాబివ్వాలి. టైపు చేసి ఇవ్వండి, చేతిరాత తీసుకోరు." ఆయన చేతిలో ఒక కట్ట పెట్టింది. ముప్పై మూడు అభ్యంతరాలు. వీధిలో ఆయన ఇల్లు తప్ప అన్నీ ఉన్నాయి.

వంటింట్లో బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్కటీ చదివాడు. 'స్వార్థపరుడు' అని ఒకరు. 'నమ్మించి గొంతు కోశాడు' అని ఇంకొకరు. 'ఈ వీధికి పట్టిన చీడ' అని మందుల షాపు నడిపే కుర్రాడు, చిన్నప్పుడు ఈ ఇంట్లోనే అన్నం తిని కునుకు తీసినవాడు. నాలుగో కాగితం దగ్గరకొచ్చేసరికి ఆయన చూపు మాటల మీంచి జారిపోయింది. ఎడమ పక్క పది గళ్ల ఖాళీ. తేదీ కుడివైపు. 'విషయం' కింద రెండు గీతలు. ప్రతి చుక్క తర్వాతా ఒకటి కాదు, రెండు గళ్లు. చుక్క దగ్గర మనిషి ఊపిరి తీసుకోవాలనేది ఆవిడ. ఎవరు ఏ కంప్యూటరు మీద కొట్టారో, ఎక్కడ అచ్చు తీశారో గానీ, ముప్పై మూడూ అలాగే ఉన్నాయి. వెతికి వెతికి చూశాడు. ఒక్క అక్షరం తప్పు లేదు. 'చీడ' అన్న మాట కూడా వరుసలో ఎంతో కుదురుగా కూర్చుంది.

"ఎంత బాగా నేర్పావే," అన్నాడు పైకే. నవ్వబోయాడు. అది నవ్వుగా బయటికి రాలేదు.

జవాబు టైపు చేసిపెట్టమని అడగడానికి వీధిలో ఆయనకు ఎవరూ మిగల్లేదు. మధ్యాహ్నం రెండింటికి తాళం తీశాడు.

గదిలో సిరా వాసన, మిషను నూనె వాసన అలాగే ఉన్నాయి. ఆవిడ కుర్చీలో కూర్చోలేక, నేర్చుకునేవాళ్ల స్టూలు మీద కూర్చుని, ఒక మిషను మీది గుడ్డ తీశాడు. ఒక్క వేలితో మొదలుపెట్టాడు. ఎండిపోయిన రిబ్బను, గట్టిగా కొడితే తప్ప అక్షరం పడటం లేదు. అయిదింటికి నాలుగు వాక్యాలు తేలాయి.

ఆ మూడు గంటలూ వీధిలో ఏం జరిగిందో ఆయనకు తర్వాత తెలిసింది. మొదటి టక్కుకే లెక్కల మాస్టారు చేతిలో పుస్తకం మూసేశాడట. ఎదురింటామె పొయ్యి కట్టేసి బయటికొచ్చిందట.  ఎవరో ఫోన్ చేస్తే వెనక వీధి నుంచి మరదలు పరుగున వచ్చి, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయింది.

"మీరా బావగారూ..."

"ఎవరనుకున్నావమ్మా?"

 ఆమె లోపలికి వచ్చి పక్క స్టూలు మీద కూర్చుంది. ఆయన ఆ మూడు ఉత్తరాలూ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. చివరి అవకాశం దగ్గరకొచ్చేసరికి ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఇవి ఆగడం కోసమా, ఇదంతా?"

"ఇంటికి వచ్చినప్పుడల్లా... ఆవిడ ఎక్కడో ఆలస్యం చేస్తోందేమో, నేనే పిలుచుకురావడం లేదేమో అనిపిస్తోందమ్మా."

ఆ సాయంత్రం మరదలు ఆ ఉత్తరాలు పట్టుకుని ముప్పై మూడు తలుపులూ తట్టింది.

విచారణ రోజు కార్యాలయం పై అంతస్తులో కుర్చీలు చాల్లేదు. గుమాస్తా అమ్మాయి లేచి నీలం సిరా కథ చెప్పింది. కమిటీ అధ్యక్షురాలు కళ్లద్దాలు సవరించుకుని దరఖాస్తుదారు జవాబు తీసింది.

"'వీధి జోలికి నేను రాలేదు,'" అని పైకి చదివింది. "'నాకు ఈ గది వద్ద మా ఆవిడ ఉన్నట్టే ఉంటుంది. దయచేసి త్వరగా తేల్చండి.'"

 మీటరుగారు ఉలిక్కిపడ్డాడు. తను కొట్టింది అది కాదు. నాకు ఈ గది వద్దు, అని చుక్క పెట్టాడు. ఆ తర్వాతే, మా ఆవిడ ఉన్నట్టే ఉంటుంది, అని.

అప్పటికే లెక్కల మాస్టారు లేచి నిలబడ్డాడు. "అమ్మా, మా ఇంట్లో ముగ్గురం ఆ గదిలో నేర్చుకున్నాం. నా అభ్యంతరం నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ గదిని ముట్టుకోవద్దు." వెనకాలే మందుల షాపు కుర్రాడు. "నేను రాసిన ఒక మాట..." అని, ఆ మాట మళ్లీ అనలేక కూర్చుండిపోయాడు. ఎదురింటామె లేచింది. ఆమె వెనక ఇంకొకరు. టీచరుగారు తమ వేళ్ల మీద స్కేలుతో కొట్టింది మొదలు, తన చేత్తో ఉద్యోగం దరఖాస్తు టైపు చేసి ఇచ్చింది దాకా అన్నీ చెప్పారు. మీటరుగారికి అందులో సగం సంగతులు తెలియవు. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

అధ్యక్షురాలు పక్కవాళ్లతో మాట్లాడింది. "వీధి మార్పిడి రద్దు. ఇక ఈ గది. ప్రజా శిక్షణ స్థలం అని ఒక విభాగం ఉంది. ఇరుగుపొరుగు అందరూ ఒప్పుకుంటే దాన్ని శాశ్వతంగా అలాగే ఉంచొచ్చు. రోజూ తెరవాలి, అంతే." ముప్పై మూడు చేతులు లేచాయి. అధ్యక్షురాలు మీటరుగారి వైపు తిరిగి ఆ కాగితం ఆయన ముందుకు జరిపింది. "ఇది మీరు చెప్పదలచుకున్న మాటేనా? టైపు తప్పులేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి."

ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నాడు. 'వద్దు'లో కొమ్ము పడలేదు. పక్కన చుక్కా పడలేదు. వెనక్కి తిరిగి చూశాడు. ఇందరిలో ఎవరి చేతికిచ్చినా ఇట్టే పట్టేస్తారు. కానీ వాళ్లు విన్నారే గాని చూడలేదు. మరదలు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఆయన్నే చూస్తోంది.

కాగితం మళ్లీ ఒకసారి చదివాడు, పడినదాన్ని పడినట్టుగా. అది కూడా అబద్ధమేమీ కాదు.

"తప్పుల్లేవండీ," అన్నాడు.

పదిహేను రోజుల్లో ఉత్తర్వు ఆయన పేరు మీదే వచ్చింది. బోర్డు పీకి తీసుకెళ్లారు. గది రోజూ పది నుంచి నాలుగు వరకు తెరిచి ఉంచాలి, ఎప్పుడూ ఇద్దరికి తక్కువ కాకుండా నేర్చుకునేవాళ్లు ఉండాలి అని షరతు. వెతకగా ఆ చుట్టుపక్కల టైపు రానివాళ్లు ఇద్దరే తేలారు: ఆయన, మరదలు. ఇద్దరూ పేర్లు రాయించుకుని సోమవారం సరిగ్గా పదింటికి చెరో మిషను ముందు కూర్చున్నారు.

నేర్పేవాళ్లుండాలని ఉత్తర్వులో ఎక్కడా లేదు.