బెల్లం మండీ స్వర్ణయుగం

ముఖ్య అతిథి మునిరామయ్యగారి ఒంట్లోంచి తొమ్మిది కిలోలు మాయమైన సంగతి చిత్తూరు బెల్లం మండీ ఆవరణలో, నిండు సభలో, మైకు ముందు బయటపడింది.

ఆదివారం వేలూరులో డాక్టరు తూచి తొంభై కిలోలన్నాడు. నెయ్యి మానమన్నాడు. గురువారం సాయంత్రం సంఘం వారి చారిత్రక కాటా ఎక్కితే ఎనభై ఒకటి అని ప్రకటించారు. నడుమ ఆయన నెయ్యి మానలేదు.

"నేను తగ్గినానబ్బా!" అని మునిరామయ్యగారు మైకు పట్టుకుని కేక పెట్టారు. "ఆ వేలూరాయనకు తూకమేసేది తెలీదు. ఈడ సూడండి, ఎనబై ఒకటి! నేనూ లైట్ హెవీవెయిట్టే!"

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మనిషి ఒంట్లోంచి అంత సొత్తు పోతే దొంగ ఎవరని ఒక్కరూ అడగలేదు. పోయింది కొవ్వు గనక సొత్తుదారు కూడా ఫిర్యాదు చెయ్యలేదు. ఆయన యాదమరి వైపు పెద్ద రైతు, ఒకప్పటి సమితి అధ్యక్షుడు. ఆయన సంతోషిస్తే సభ సంతోషించడం ఆనవాయితీ.

ఇది 1999 మే నెల నాటి మాట. సభ జరుపుతున్నది చిత్తూరు లైట్ హెవీవెయిట్ స్వర్ణయుగ పరిరక్షణ సంఘం. సందర్భం స్వర్ణయుగానికి రజతోత్సవం.

ఆ స్వర్ణయుగం గురించి పాఠకులకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే చిత్తూరులో ఏ టీ అంగడి ముందు నిలబడినా చెబుతారు. వద్దన్నా చెబుతారు. అది 1974 మార్చిలో మొదలైంది. అదే ఏడు మే నెలలో, బెల్లం సీజనుతో పాటే ముగిసింది. అప్పటి మండీ యజమాని కొడుకు, ఇప్పటి యజమాని, సంఘం అధ్యక్షులు రాజారత్నంగారు మద్రాసులో బాక్సింగు చూసి వచ్చి, బెల్లం దించే అరుగు చుట్టూ మోకులు కట్టించి ఆ యుగాన్ని ప్రారంభించారు. ఎనభై ఒక్క కిలోలకు మించిన మనిషి ఆడరాదని నియమం పెట్టారు. మించారో లేదో తేల్చడానికి మండీ కాటా ఉండనే ఉంది. ఆటగాళ్ళను కాటాకెక్కించి, రాళ్ళు వేసి, తూకం కేక పెట్టింది రాజారత్నంగారే. ఆ కాటాకు ఇప్పటికీ ఏటా పసుపు కుంకుమ పెడతారు.

యుగం మొత్తంలో జరిగిన పోటీలు తక్కువే. అయినా వాటిలో ఆఖరిది చరిత్రకెక్కింది. యాదమరి చెంగల్రాయుడికీ, పాకాల రైల్వేలో ఫిట్టరు మునిరత్నానికీ పోటీ. మూడో రౌండులో చెంగల్రాయుడి కుడిచెయ్యి మునిరత్నం దవడకు తగిలింది. మునిరత్నం పడ్డాడు. అంతే. ఆ పడడం మీదనే ఇరవై ఐదేళ్ళుగా ఒక సంఘం నిలబడి ఉంది.

మండీ అరుగు చుట్టూ కిక్కిరిసి నిలబడితే మూడు వందల మంది పడతారు. ఆ పోటీని కళ్ళారా చూశామని చెప్పేవాళ్ళు మాత్రం రెండు నియోజకవర్గాలకు సరిపోతారు. వీరిలో అగ్రగణ్యులు సంఘం కార్యదర్శి, కాలేజీ లెక్చరరు అమర్‌నాథ్‌గారు. పోటీ నాడు ఆయన నాలుగో తరగతి పిల్లవాడు. అమ్మవారు పోసి ఇంట్లో వేపాకుల మీద పడుకుని ఉన్నారు. అయినా ఆ మూడో రౌండును ఆయనంత వివరంగా చెప్పగలవారు జిల్లాలో లేరు.

"ఆనాడు గుద్దుకొక గౌరవం ఉండేది!" అని ఆయన ఆ రోజు కూడా ప్రసంగించారు. "హెవీవెయిట్ అంటే ఏనుగు. మిడిల్‌వెయిట్ అంటే మేక. లైట్ హెవీవెయిట్ ఒక్కడే మనిషి! నేటి యువతకు టీవీ ఉంది, రిమోట్ ఉంది, ఆ కుడిచెయ్యి ఎక్కడుంది? పడేవాడు సైతం ఆనాడు పడినట్టు నేడు పడగలడా?"

ఈ చివరి ప్రశ్నకు సంఘం దగ్గర జవాబు ఉంది. ఏటా మునిరత్నాన్ని పాకాల నుంచి రైల్లో పిలిపిస్తారు. చెంగల్రాయుడు కుడిచెయ్యి ఆడిస్తాడు, మునిరత్నం అదే అరుగు మీద అదే వైపుకు పడతాడు. సభ్యులు ముందు వరుసలో కూర్చుని ఆనందిస్తారు. "పోయినేడు ఇంకా బాగా పడినాడప్పా, ఈయేడు మోకాలు ముందొచ్చింది" అని తెలిసినవాళ్ళు లోపాలెంచుతారు. తరవాత శాలువా కప్పుతారు. ఆ శాలువాలతో మునిరత్నం ఇంట్లో పరుపులు కూడా కుట్టించారు.

మొదటిసారి పడిన మర్నాడే మునిరత్నం ఆట మానేశాడు. తన కాళ్ళలో బలం లేదని నమ్మాడు. పాకాలలో అతన్ని 'మూడో రౌండు' అంటారు. జీతాలిచ్చే బాబు కూడా అదే పేరుతో పిలుస్తాడు. అతను పలుకుతాడు.

రజతోత్సవం కనుక ఈసారి సంఘం ఇంకొక గౌరవం తలపెట్టింది. మండీ గేటు దగ్గర సిమెంటు విగ్రహాలు చేయించారు. చెంగల్రాయుడు నిలబడి ఉంటాడు. అతని కాళ్ళ దగ్గర మునిరత్నం పడి ఉంటాడు. బతికుండగానే విగ్రహం పొందిన ఓడిపోయినవాడు దేశంలో ఇతనొక్కడేనని ఆహ్వానపత్రంలో అచ్చు వేశారు. పడే ఘట్టం అయిపోగానే ముసుగు తీయాలి.

ఆ సంగతి తెలిసే ఈసారి మునిరత్నం భార్య పంకజాక్షి వెంట వచ్చింది. రైలు దిగినప్పటి నుంచీ ఆమెది ఒకటే మాట.

"ఏటా పడతాండావు, ఊరుకున్నా. లేసి ఇంటికొస్తాండావు గదా అని. ఇప్పుడు గేటు కాడ పండబెడతారంట. ఆ బొమ్మ యాడ లేస్తాది? బండ్లు పోతాయి, ఎద్దులు పోతాయి, కుక్కలు ఊరుకుంటాయా?"

"పిల్సినోళ్ళ మర్యాద అట్లాంటిది" అన్నాడు మునిరత్నం. "నేను పడింది నిజమే గదా పంకజా. పడలేదని యాడ సెప్పేది?"

 దానికి జవాబు ఆమెకు మునిరామయ్యగారు మైకులో తన తొమ్మిది కిలోల సంతోషం పంచుకున్నప్పుడు దొరికింది.

అప్పటికి సభలో కాటా కోసం వరుస కట్టారు. సంఘం కోశాధికారి ఎక్కి దిగి సన్నబడ్డాడు. ఆయన తోడల్లుడూ సన్నబడ్డాడు. డాక్టర్లు చెయ్యలేని పని స్వర్ణయుగం చేస్తున్నదని అమర్‌నాథ్‌గారు వ్యాఖ్యానించారు. రాజారత్నంగారు చమటలు కక్కుతూ రాళ్ళు వేస్తూ కేక పెడుతూనే ఉన్నారు.

పంకజాక్షి ఆడవాళ్ళ కుర్చీల్లోంచి లేచింది.

"ఏమన్నా," అంది మునిరామయ్యగారితో, "నీది ఈడ తొమ్మిది తగ్గింది గదా. మరి ఆ పొద్దు చెంగల్రాయుడన్నది ఎంత తగ్గిందో?"

సభలో చప్పట్లు ఆగిపోయాయి. ఇరవై ఐదేళ్ళలో సంఘం సభలో ఎవరైనా ప్రశ్న అడగడం అదే మొదలు. దానికి అజెండాలో చోటు లేదు.

అమర్‌నాథ్‌గారు తక్షణం మైకు అందుకున్నారు. వీరుల బరువు కిలోల్లో కాదు, గుండెల్లో ఉంటుందన్నారు. అదీగాక 1974 నాటి కిలోకూ నేటి కిలోకూ నాణ్యతలో తేడా ఉందన్నారు. అనుమానం తీరడానికి ఒక నిజనిర్ధారణ సంఘం వేద్దామన్నారు. స్వర్ణయుగానికి నష్టం కలిగించని నిజాన్ని మాత్రమే అది నిర్ధారించాలన్నారు. తీర్మానం చేతులెత్తే పద్ధతిలో నెగ్గింది.

"సంగం ఎందుకన్నా, కాటా ఈడనే ఉండాది గదా" అంది పంకజాక్షి. "ఇద్దర్నీ ఎక్కించండి."

చెంగల్రాయుడు మంచివాడు. చెరుకు తోట, మనవలు, మధ్యాహ్నం నిద్ర తప్ప వేరే ఆలోచన లేదు. పిలవగానే ఎక్కాడు. రాజారత్నంగారు రాళ్ళు వేసి, గొలుసు పట్టుకుని, ఏటా పెట్టే కేకే పెట్టారు. "ఎనబై ఒకటి!" ఇన్నేళ్ళయినా వీరుడు గ్రాము పెరగలేదని సభ పరవశించింది. మునిరత్నం ఎక్కాడు. అతనిదీ ఎనభై ఒకటే. సభ ఇంకా పరవశించింది. సమఉజ్జీలు!

"సరిపోయింది గదమ్మా?" అన్నారు అమర్‌నాథ్‌గారు.

"యాడ సరిపోయింది?" అంది పంకజాక్షి. "ఇద్దరూ ఒకటే తూకమంటిరే, రాళ్ళెందుకు ఇంగ? ఆ తట్టలో ఆయన్ని, ఈ తట్టలో మా ఆయన్ని కూసోబెట్టండి. కాటా నిలబడితే నేనే పోయి ఆ ముసుగు తీస్తా."

ఇంత చిన్న పనికి కాదనడానికి సంఘం నియమావళిలో ఏ నిబంధనా దొరకలేదు. ఒక తట్టలో చెంగల్రాయుడు కూర్చున్నాడు. రెండో తట్టలో మునిరత్నం కూర్చున్నాడు.

చెంగల్రాయుడి తట్ట ధన్‌మని నేలకు తగిలింది. మునిరత్నం గాల్లోకి లేచాడు. ఏటా అతను కింద పడే అరుగు మీద, ఏటా చూసే మనుషుల తలల కంటే ఎత్తున, గొలుసులు పట్టుకుని, కాళ్ళు ఊగుతుండగా వేలాడాడు. ముందు వరుస వాళ్ళు అతని చెప్పుల అడుగులు చూశారు.

"ఇదేందప్పా?" అన్నాడు చెంగల్రాయుడు కింద నుంచి, నిజంగానే ఆశ్చర్యపోయి. "నేను ఎప్పుడూ ఇంతే ఉండాను గదా. పెండ్లినాడు కూడా తొంబై. మా ఇంట్లో నేనే సన్నం."

"తొంబైయా? ఆ పొద్దు కూడానా?" అన్నాడు మునిరత్నం పైనుంచి.

"ఆ పొద్దు పొద్దున పది దోసెలు తినింటి. ఇంకో రొండు ఎక్కువే ఉంటాది."

 మునిరత్నం తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. చాలా ఏళ్ళకు కలిసిన బంధువులను చూసినట్టు చూసుకున్నాడు.

"అమర్‌నాథ్ సార్," అన్నాడు, "నేనింగ పడను."

సభ మండిపడింది. తొమ్మిది కిలోలు దాచినవాడి మీద కాదు, వేలాడుతున్నవాడి మీద. "ఒక్కసారి పడి పోరాదా, ఏం పోతాది?" అని వెనక నుంచి ఒకాయన అరిచాడు. స్వర్ణయుగాన్ని ఒక ఆడమనిషి పాడుచేసిందని ఇంకొకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఈ ఉత్సవం కోసం గూడూరు నుంచి సెలవు పెట్టి వచ్చానని ఒకాయన టిక్కెట్టు చూపించాడు. మొదటి నుంచీ ఈ పోటీ కళ్ళారా చూశామన్నవాళ్ళు సగం మంది తాము ఆ రోజు ఊళ్ళో లేమని అప్పటికప్పుడు గుర్తు తెచ్చుకున్నారు. అమర్‌నాథ్‌గారు తన అమ్మవారి సంగతి మొదటిసారి సభాముఖంగా ప్రకటించారు. కాటా చెడిపోయిందనే తీర్మానం ఒకటి తయారవుతుండగా రాజారత్నంగారు రాయి కింద పెట్టి, చెయ్యి పంచెకు తుడుచుకుని, మైకు లాక్కున్నారు.

"నా కాటాను ఏమన్నా అంటే నాలిక కోస్తా. కాటా నికార్సు. తూకం తొంబైయే వచ్చింది, ఆ పొద్దూ ఈ పొద్దూ. ఎనబై ఒకటి అని కేక పెట్టింది నేను. దొంగను నేనే. కావాలని చెయ్యలేదు. మా నాయన నేర్పించిన పని అది. మండీకి వచ్చిన రైతు సరుకు ఏదైనా సరే, పదికి ఒకటి తరుగు తీసి కేక పెట్టల్ల. బెల్లంలో చెమ్మ ఉంటాదని తీస్తాము. చెంగల్రాయుడు ఎక్కినాడు, రైతుబిడ్డ, ఒళ్ళంతా చెమట, నోరు దానంతట అదే తరుగు తీసింది. పోటీ అయినాక రాత్రి పడుకోబోతా అనుకున్నా, అయ్యో, మనిషికి గూడా తీస్తినే అని. పొద్దున చెబుదామని వస్తే అప్పటికే మీరు అతన్ని భుజాలకెత్తుకోని ఊరేగిస్తాండారు. మునిరత్నానికి తియ్యలేదు. ఎందుకు తియ్యలేదంటే, రైల్వే మనిషి. సర్కారు సొత్తుకు తరుగు తీస్తే కేసైతాది. భయం. రైతు దగ్గర ఏం భయం? ఇదో, ఈడ కూసోనుండారే, మీ నాయనలు, మీరు, ఆ మునిరామయ్యన్న, అందరూ నా కాటా కాడ నిలబడినోళ్ళే. బండ్లకు బండ్లు తరుగు తీసినా. కండ్ల ముందర తీసినా. మజ్జిగ తాగి, దండం పెట్టి పోయినారు గానీ, పంకజాక్షి అడిగినట్టు, ఇంకో తట్టలో ఏముందో చూపించన్నా అని ఒక్కడు అడిగినాడా? అడిగింటే ఆ పొద్దే ఒప్పుకోనుందును."