చెప్పుల వరుస నిర్మూలన

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది, ఆ తరువాత చాలాకాలం విశ్రాంతి తీసుకుని, యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టడం కనిపెట్టింది. మనిషి ఎండలో నిలబడలేడు, చెప్పు నిలబడగలదు. అందుచేత అత్వెల్లిలో తెల్లవారేసరికి ఎరువుల గోదాము ముందు చెప్పులు బారులు తీరి ఉంటాయి. వాటి యజమానులు ఎదురుగా చాయ్ హోటల్ నీడలో కూర్చుని, లారీ రాగానే ఎవరి చెప్పు దగ్గరికి వాళ్లు వెళ్లి నిలబడతారు. తోలుదైనా, రబ్బరుదైనా, పిన్నీసు గుచ్చి నడిపిస్తున్నదైనా చెప్పు చెప్పే, దాని చోటు దానిదే. ఈ ఏర్పాటు ఏళ్ల తరబడి ఒక్కరోజు కూడా ఆగిపోకుండా పనిచేసింది కనుక దాన్ని సంస్కరించాలని పైవాళ్లకు తోచింది.

అలా వరుసల సంస్కరణ మండలి పుట్టింది. దాని డైరెక్టర్ వెంకటరామయ్య గారు మొదటి సమావేశంలోనే 'పాదరక్షలు పౌరునికి ప్రతినిధులు కాజాలవు' అని తీర్మానం చేయించారు. నాలుగో నిబంధన ప్రకారం ఇకపై వరుసలో స్థానం ఫోను ద్వారా మాత్రమే. దానికోసం 'వరుసమిత్ర' అనే యాప్ చేసే పని శామీర్‌పేటలో ఫర్నిచర్ షాపు పైనున్న ఒక చిన్న కంపెనీకి దక్కింది. కంపెనీ ఆ పనిని భానుతేజకు అప్పగించింది. (అప్పగించడం తప్ప కంపెనీకి వేరే పని రాదని గిట్టనివాళ్లు అంటారు.)

భానుతేజ మచ్చ బొల్లారం నుంచి రోజూ బండి మీద వచ్చే ఇరవై ఆరేళ్ల బుద్ధిమంతుడు. అతను చేయవలసింది యాప్ లోపల టోకెన్లు పుట్టించే యంత్రం, వాళ్ల భాషలో ఫ్రేమ్‌వర్క్. ఒకసారి చేస్తే రేపు రేషన్ వరుసకూ, ఆసుపత్రి వరుసకూ, ఆపైన శ్మశానం వరుసకూ అదే పెట్టుకోవచ్చు. చిక్కల్లా ఫోన్ల లోపలి మెదళ్లతో, అంటే ప్రాసెసర్లతోనే. తణుకు నుంచి వచ్చిన భానుతేజ వాళ్లమ్మ పార్వతీదేవి ఇరవై ఏళ్లుగా గోరుచిక్కుళ్లు అడుగుతోంది, కూరగాయల బండివాడు ఇరవై ఏళ్లుగా 'గోకరకాయ' అని సరిచేసి అవే తూచి ఇస్తున్నాడు. ప్రాసెసర్లకు ఆపాటి సర్దుబాటు కూడా తెలియదు. కొత్త ఫోన్ల రకానికి ఒక కోడ్, పాత ఫోన్ల రకానికి ఇంకో కోడ్ విడివిడిగా కట్టాలి, లేకపోతే యాప్ నోరు తెరవదు.

భానుతేజ మొదట రెండు రకాలకే కట్టాడు. ఒకటి కొత్త ఫోన్లకు. రెండోది కంప్యూటర్ తెర మీద పరీక్ష కోసం కనిపించే ఉత్తుత్తి ఫోనుకు. పాత ఫోన్లు ఈ రోజుల్లో ఎవరి దగ్గరున్నాయని మేనేజర్ సుచిత్ర అడిగింది. ఆఫీసంతా వెతికారు, ఎవరి దగ్గరా లేవు. వెంకటరామయ్య గారు వచ్చి ఉత్తుత్తి ఫోను మీద నొక్కి చూశారు, రెప్పపాటులో టోకెన్ వచ్చింది. దానికి చార్జింగ్ అయిపోదనీ, కింద పడినా పగలదనీ తెలుసుకుని ఆయన ఎంతో సంతోషించి, ఇకమీదట సమీక్షలన్నీ ఆ ఫోను మీదే జరగాలని ఉత్తర్వు ఇచ్చారు.

సోమవారం అత్వెల్లిలో ప్రారంభోత్సవం. గోదాము గుమాస్తా మైసయ్య చెప్పులన్నీ తీయించి, అక్కడ ముగ్గు వేయించాడు. కొత్త ఫోన్లున్న ఏడుగురికి టోకెన్లు వచ్చాయి. ప్లాట్ల వ్యాపారంలో పడి పొలాన్ని కారులోంచే చూసుకునే అన్వేష్‌కు ఒకటో నంబరు వచ్చింది. మిగతా నూటనలభై మందిలో బటన్ల ఫోన్లవాళ్లకు ఏమీ రాలేదు, మిగిలినవాళ్ల ఫోన్లలో 'ఈ యాప్ మీ ఫోనుకు సరిపడదు' అని వచ్చింది. వాళ్లలో బుచ్చమ్మ ఒకతి. ఆమె గొడవ చేయలేదు, ఫోను తెచ్చి, ప్రారంభోత్సవానికి వచ్చిన భానుతేజ చేతిలో పెట్టింది.

"ఎకరంనర యేసిన బిడ్డా. వరి పసుపురంగుకు తిరుగుతాంది. గీ శుక్రారం లారీకి నాలుగు బస్తాలు దొరక్కపోతే ఇగ చల్లినా ఒకటే, చల్లకున్నా ఒకటే. నీ యాపుకు నా ఫోను నచ్చకపోతే నేనేం జెయ్యాలె?"

భానుతేజకు నిజంగా సిగ్గేసింది. ఆఫీసులో వెతికినప్పుడు ఈమె దగ్గర వెతకలేదు కదా అనుకున్నాడు. శుక్రవారంలోపు చేసి తెస్తానని మాటిచ్చాడు.

ఆ రాత్రికే పాత రకానికి కోడ్ కట్టేశాడు. దాని బరువు పదకొండు ఎంబీలు. అక్కడితో ఆగితే అది ప్రభుత్వ పథకం ఎందుకవుతుంది? మంగళవారం మండలి సమావేశమై, ఒక రకం ప్రాసెసర్‌ను వదిలేయడం వివక్ష అని గుర్తించి, సమానత్వ సర్క్యులర్ విడుదల చేసింది. దాని ప్రకారం సమస్త ప్రాసెసర్లకూ ఫ్రేమ్‌వర్క్‌లో చోటుండాలి. టీవీలకూ, చేతి గడియారాలకూ ఉండాలి. ఉత్తుత్తి ఫోనుకు తప్పనిసరిగా ఉండాలి, సమీక్ష దాని మీదే కనుక. ఇంకా పుట్టని ప్రాసెసర్ల కోసం వంద ఎంబీలు ఖాళీగా అట్టేపెట్టాలి. (అవి పుట్టాక అన్యాయం జరిగిందని అనకూడదు.) బుధవారానికి యాప్ నాలుగు వందల పది ఎంబీలకు ఒళ్లు చేసింది.

ఏ ఫోనుకు కావలసిన ముక్క ఆ ఫోనుకే పంపే పద్ధతి ఉందని భానుతేజ మనవి చేసుకున్నాడు. వెంకటరామయ్య గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఒకరికి చిన్న యాప్, ఒకరికి పెద్ద యాప్ ఇచ్చామని రేపు ఎవరైనా అడిగితే నువ్వొచ్చి జవాబు చెప్తావా బాబూ?"

శుక్రవారం పొద్దున్న బుచ్చమ్మ ఫోను భానుతేజను చూసి 'జాగా చాలదు' అంది. మనవరాలు తృప్తి డాన్సు వీడియోలు తీసేశారు. బర్రె ఫోటోలు తీసేశారు. చుట్టాలు పంపిన శుభోదయం పువ్వులు మూడేళ్లవి తీసేశారు. అయినా చాలలేదు. ఫోనుతోపాటు వచ్చిన ఆటలు నాలుగున్నాయి, వాటిని తీయడం ఎవరి తరమూ కాదు. భానుతేజ దొంగచాటుగా పదకొండు ఎంబీల యాప్ కూడా పెన్‌డ్రైవులో తెచ్చుకున్నాడు, ఎక్కించాడు, అది చక్కగా తెరుచుకుంది కూడా. కానీ మండలి సంతకం లేని యాప్‌కు సర్వర్ టోకెన్ ఇవ్వదు. లారీ మేడ్చల్ దాటిందని కబురొచ్చింది. భానుతేజ తల వంచుకుని, తన వల్ల కాలేదని చెప్పాడు.

బుచ్చమ్మ మైసయ్య వైపు తిరిగి, నాలుగో నిబంధన మళ్లొకసారి చదవమంది. మైసయ్య గోదాము గోడకున్న నిబంధనల బోర్డు మీద వేలు పెట్టి చదివాడు: వరుసలో స్థానం ఫోను ద్వారా మాత్రమే.

"మరి ఇదేంది, ఫోను గాదా?" అని ఆమె తన ఫోను తీసుకెళ్లి గోదాము గుమ్మం ముందు నేల మీద పెట్టి, గాలికి పోకుండా దాని మీద చిన్న రాయి పెట్టింది.

మైసయ్య నిబంధన ఇంకో రెండుసార్లు చదివాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. పావుగంటలో నూటనలభై ఫోన్లు బారులు తీరాయి. తెర పగిలినవి, రబ్బరు బ్యాండు చుట్టినవి, బటన్లవి, బ్యాటరీ లేనివి, అన్నిటి మీదా తలా ఒక రాయి. ఏ రకం ప్రాసెసరూ అభ్యంతరం చెప్పలేదు. నిబంధనలో టోకెన్ ఊసే లేదు కనుక ఒకటో నంబరు టోకెన్ ఉన్న అన్వేష్, లక్ష రూపాయల ఫోన్‌ను మట్టిలో పెట్టడానికి మనసొప్పక, చిట్టచివర తానే ఎండలో నిలబడ్డాడు. బుచ్చమ్మకు మొదటి నాలుగు బస్తాలు వచ్చాయి.

మధ్యాహ్నం వెంకటరామయ్య గారు వచ్చి, చెప్పు అన్నది మచ్చుకైనా లేని ఆ వరుసను చూసి చలించిపోయారు. ఫోటో తీయించారు. అన్ని ప్రాసెసర్లనూ కలుపుకుపోయిన మొట్టమొదటి ఫ్రేమ్‌వర్క్‌గా నివేదిక రాసి పంపమని భానుతేజను ఆదేశించారు. ఇతర గోదాములకు ఇదే పంపిద్దామన్నారు.

నివేదికలో 'ప్రజలకు కలిగిన మేలు' అనే గడి ఒకటి ఉంది. అందులో ఏం రాయాలో తోచక, భానుతేజ బస్తాలు ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్న బుచ్చమ్మ దగ్గరికి వెళ్లి, మొహమాటపడుతూ, తన యాప్ వల్ల ఏమైనా ఉపయోగం ఉందా అని అడిగాడు.

"ఎందుకు లేదు బిడ్డా," అంది బుచ్చమ్మ, కాళ్లకేసి చూసుకుంటూ. "ఇదివరకు చెప్పులు లైన్ల పెట్టి, ఉత్త కాళ్లతోని చాయ్ హోటల్‌కు ఉరుకుతుంటిమి. ఇప్పుడు కాళ్లు కాలుతలేవు."

భానుతేజ ఆ గడిలో 'కాళ్లు కాలడం లేదు' అని రాశాడు. పదకొండు పేజీల నివేదికలో వెంకటరామయ్య గారు ఎర్ర సిరాతో కొట్టేసింది ఆ ఒక్క వాక్యమే. దానికి ఆధారం జతచేయలేదట.