వెలుతురులో తీసిన మా చీకటి

ముందుగా మన్నించండి. నాకు ఒత్తులు ఇంకా సరిగ్గా పట్టుబడలేదు. ఒక వాక్యం రాసి కాసేపు ఊపిరి తీసుకుని రెండోది రాస్తాను. సగంలో ఆగి, జుట్టు నెరిసాక మళ్లీ నేర్చుకున్న అక్షరాలివి. మా ఊరి పేరు రాయను. రాస్తే ఉన్న కరెంటు కూడా తీసేస్తారు. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బస్సు మా దగ్గర ఆగుతుంది, అదీ డ్రైవరుకు టీ తాగాలనిపిస్తేనే.

తొంభై ఒకటిలో మా ఊరికి వెంకటరామారావు గారనే గొప్ప అధికారి వచ్చారు. జనం అర్జీల్లో అబద్ధాలుంటాయనీ, ఫొటో అబద్ధం చెప్పదనీ వారి సిద్ధాంతం. అందుకని రోజుకొక ఫొటో తీసి ఆఫీసు గోడకు అంటించాలని ఉత్తర్వు వేశారు. పగటి ఫొటోకు 'పట్టణ జీవితం', రాత్రి ఫొటోకు 'పట్టణ శోభ' అని పేరు; మా ఊరు వారికి పట్టణమే. తీసే పని స్టూడియో జానీ మియాది, దాని కింద నాలుగు ముక్కలు రాసే పని సారుది. రోడ్డు మధ్య పడుకున్న బర్రెల కింద 'పశువులకు సైతం భద్రత' అని రాశారు. బస్టాండు గుంతలో ఈదే బాతుల కింద 'సమృద్ధిగా జలవనరులు'. కిరోసిన్ కోసం ఎండలో నిలబడ్డ ఆడవాళ్ల కింద 'మహిళల్లో క్రమశిక్షణ'. ఆ వరసలో నేనూ ఉన్నాను. నాకు క్రమశిక్షణ ఉందని అప్పుడే తెలిసింది.

మా వీధి స్తంభానికి మాత్రం బల్బు లేదు. ఆ స్తంభం పక్కన, మాతోపాటు పలక పట్టిన ఫజిలత్ ఇంటి అరుగు మీద మా ఆడవాళ్ల రాత్రి బడి. లాంతరులో పోయడానికి కిరోసిన్ లేదు. వీధి దీపం రాకపోతే నెలాఖరుకు బడి ఎత్తేస్తామని పైనుంచి కబురొచ్చింది. మేమింకా గుణింతాల మధ్యలోనే ఉన్నాం. అందరం ఆఫీసుకు పోయి అడిగాం.

"చీకటి ఉన్నట్టు ఫొటో చూపించండి. స్టోరులో ఒకే దీపం ఉంది. రుజువైతే అది మీదే" అన్నారు సారు. న్యాయమైన మాటే.

ఫొటో అంటే మా దగ్గర చిన్న సంగతి కాదు. పెట్టెల్లోంచి పెళ్లి చీరలు బయటికొచ్చాయి. ఫజిలత్ జరీ దుపట్టా వేసుకుంది. నేను పౌడరు రాసుకున్నాను. ఫొటోలో రాత్రని తెలియాలని ఎవరో గోడ గడియారం తెచ్చి స్తంభానికి కట్టారు. పొద్దుగూకాక జానీ మియా వచ్చి, కెమెరాలో చూసి, పక్కన పెట్టాడు.

"ఏంది మియా, తియ్యవేంది?" అన్నాను.

"ఏం తియ్యాలె అక్కా? అంతా నల్లగున్నది. గిట్లాంటి ఫొటో ఇస్తే నా స్టూడియో బోర్డు పీకేస్తరు."

"మనకు గావాల్సింది చీకటే గద భాయ్!" అంది ఫజిలత్.

"చీకటి కనబడాలన్నా వెలుగుండాలె గద ఆపా!"

"అవ్, మా మొఖాలు కనబడకపోతే ఇది మా వీధి అని ఎవరు నమ్ముతరు?" అన్నాను నేను. అందరూ తలూపారు. బ్యాండు మేళం వాళ్ల పెట్రోమాక్స్ లైట్లు అన్నీ వచ్చాయి. అవి ఫొటోలో పడితే బాగుండదని మియా వెనక వరసగా పెట్టించాం. మా చీకటి అంత అందంగా ఎప్పుడూ పడలేదు.

సారు ఫొటో చూసి లేచి నిలబడ్డారు. "ఇంత కాంతి నా క్వార్టరు ముందే లేదు! వెలుగులో కూర్చుని వెలుగు అడగడమా? ప్రజల అత్యాశే ప్రగతికి ఆటంకం."

"అవి పెండ్లి లైట్లు సారూ" అన్నాను.

"ఫొటోను నమ్మాలా, నిన్ను నమ్మాలా?" అన్నారు. ఉన్న ఒక్క దీపాన్ని, అన్యాయం జరిగిన చోట, అంటే తమ క్వార్టరు ముందు పెట్టించారు.

మేమూ ఊరుకోలేదు. పలకలు పట్టుకుని పోయి ఆ దీపం కిందే కూర్చున్నాం. సారు కోప్పడలేదు. గబగబా చొక్కా మార్చుకుని వచ్చి మా మధ్య సుద్దముక్క పట్టుకుని నిలబడ్డారు. జానీ మియాను పిలిపించారు. 'అధికారి ఇంటి ముంగిట అక్షర యజ్ఞం' అని ఆ ఫొటోకు పేరు పెట్టారు. మియా ఇట్లా క్లిక్ మనిపించాడో లేదో, క్వార్టరు వాచ్‌మన్, దేవ్లా అనేవాడు, వచ్చాడు.

"ఫొటో అయిపోయింది గదమ్మా, ఇంకేం జదువుడు? జల్దీ లేవుండ్రి."

బడి ఆ నెలాఖరుకే మూశారు. ఫొటో మాత్రం పేపర్లో పడింది. మీరు చూసే ఉంటారు. ముందు వరసలో పలక ఎత్తి పట్టుకున్నది నేనే. మీరు చూసి, సంతోషించి, పేజీ తిప్పేశారు. మేము చీకట్లో గోడలు తడుముకుంటూ ఇంటికి పోయాం.

ఆదెమ్మ, అరవై నాలుగేళ్లు, ప్రస్తుతం సారపాక.