గడ్డలు లేని అడవి

అనగనగా అనేంత పాత కథేం కాదు ఇది, మొన్నమొన్నటిదే. ఒక పెద్ద అడవి. అందులో పులి ఉంది, చిరుత ఉంది, కానీ పనులు నడిపించేది మాత్రం సంఘాలు. దారుల సంఘం, నీటి సంఘం, ఆ రెండూ కొట్టుకోకుండా చూసే ఇంకో సంఘం. ఆకు రాలాలన్నా ఒక తీర్మానం ఉండాల్సిందే.

ఆ అడవిలో ముత్యాలు అనే ఆడ కొండముచ్చు ఉండేది. ఆమె ఏ సంఘంలోనూ లేదు. మధ్యాహ్నం పూట ఇప్పచెట్టు కింద కూర్చుని వచ్చినవాళ్ళకల్లా పేలు చూసేది. ఎలుగుబంట్లు, దుప్పులు, ముళ్ళపందులు, అన్నీ ఆడవే, ఒకదాని వెనక ఒకటి వరస కట్టేవి. ముళ్ళపందికి పేలు చూడాలంటే ఎంత ఓపిక కావాలో మీరే ఊహించుకోండి.

పేలు చూడటానికి ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఒంటి మీద చెయ్యి ఉన్నంతసేపూ ఎవరూ అబద్ధం ఆడకూడదు. చూసేవాళ్ళు అడిగినదానికి చూపించుకునేవాళ్ళు నిజం చెప్పాలి. వాళ్ళు తిరిగి అడిగితే వీళ్ళూ చెప్పాలి. అడవిలో గుట్లన్నీ ఆ చెట్టు కిందే తేలేవి.

రెండేళ్ళ కిందట ముత్యాలు వాళ్ళ అప్ప నూకాలు రొమ్ములో గడ్డ వచ్చి చచ్చిపోయింది. ఏడాది పాటు ఆ సంగతి సొంత చెల్లెలికి కూడా చెప్పలేదు. "సిగ్గేసిందే" అంది ఆఖర్న. ఆ మాట ముత్యాలు కడుపులో అలాగే ఉండిపోయింది. అప్పట్నించి ఎవరి తల మీద చెయ్యి పెట్టినా ముందు ఒకటే ప్రశ్న.

"ఈ నెల రొమ్ము తడుముకున్నావా అమ్మా?"

అలా అడిగి అడిగి ముగ్గురికి గడ్డలున్నట్టు బయటపెట్టింది. ముగ్గుర్నీ కొండ మీద వైద్యం చేసే ఏనుగుల దగ్గరికి తరిమింది. ఇద్దరివి భయపడాల్సినవి కావు. మూడోది, ఎలుగుబంటి తవిటమ్మది, చెడ్డ గడ్డే. తొందరగా వెళ్ళింది కాబట్టి గట్టెక్కింది. ఇప్పుడు తేనెపట్టు కనబడితే చాలు, ఆవిడ్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

ఇంత మంచి పని సంఘం లేకుండా జరిగిపోతుంటే పెద్దలకు ముద్ద దిగుతుందా చెప్పండి?

సరిగ్గా అప్పుడే కొండ మీది ఏనుగుల మండలి నుంచి కబురొచ్చింది. రొమ్ము గడ్డల నివారణ మీద పరిశోధన, అవగాహన, ప్రజా భాగస్వామ్యం, ఈ మూడూ బాగా చేసిన అడవికి 'ఆదర్శ వనం' బిరుదు ఇస్తారట. ఇంకేముంది, పొద్దువాలేలోగా సంఘం పుట్టింది. అధ్యక్షుడు నెమలి నీలకంఠం గారు. నిపుణుడు కొంగ, ఒంటికాలి మీద ఎంతసేపైనా ఆలోచించగలడని పేరు. ఇద్దరూ మగవాళ్ళు, పైగా పక్షులు. ఏడు తరాలు వెనక్కెళ్ళి వెతికినా వాళ్ళ వంశాల్లో ఎవరికీ రొమ్ము లేదు.

"అదీ మంచిదే. మనం ఎవరి తరఫునా మాట్లాడం" అన్నారు నీలకంఠం గారు.

మొదటి తీర్మానం, సభా మర్యాద కోసం రొమ్ము అనే మాట ఎవరూ వాడకూడదు, 'ఆ భాగం' అనాలి. రెండోది, కొండెక్కి వైద్యం చేయించుకోవాలంటే సంఘం చీటీ తప్పనిసరి. కొండ మొదట్లో కాపలా ఏనుగులకు ఆ మాట చేరవేశారు. తర్వాత కొంగ ముక్కుతో బండ మీద ఒక బొమ్మ గీశాడు. ఆ భాగం కనబడితే బాగుండదని దాని మీద ఒక టేకాకు అంటించాడు. దుప్పులు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాయి. చివరికి చెవులు తడుముకుని, "మాకేం లేదండీ" అని గిట్ట ముద్ర వేసి పోయాయి. కొంగ అది రాసుకున్నాడు. పరిశోధన, అవగాహన రెండూ ఒక్కపూటలో అయిపోయాయి!

మిగిలింది ప్రజా భాగస్వామ్యం. దాని కోసం నీలకంఠం గారు స్వయంగా ఇప్పచెట్టు దగ్గరికి వచ్చారు.

"ముత్యాలమ్మా, నిన్ను ప్రజా ప్రతినిధిగా వేశాం. వేదిక మీద మా పక్కనే కూర్చుంటావు."

"కూర్చుని ఏం చెయ్యాలి బాబూ?"

"కూర్చోవడమే. మధ్యమధ్యలో తలూపాలి. ఈ పేలు చూసే కార్యక్రమం మాత్రం ఆపెయ్యాలమ్మా. ప్రతినిధివి కదా, నీ హోదాకి బాగుండదు."

ఆవిడకి ఒళ్ళు మండింది. కానీ వేదిక మీద కూర్చుంటే నాలుగు మాటలు చెప్పే వీలుంటుందేమో అనుకుని ఒప్పుకుంది. నెల రోజుల్లో పదకొండు సభలు జరిగాయి. నాలుగు మాటల్లో ఒక్కటైనా చెప్పనిచ్చారా? లేదు. ప్రతిసారీ మెళ్ళో అడవిమల్లెల దండ వేసి, ఆఖర్న వందన సమర్పణ చేయించారు.

ఒకరోజు ఆ దండ తీస్తుంటే చెయ్యి రొమ్ముకి తగిలింది. లోపల గట్టిగా, రేగుగింజంత.

అడవిలో ప్రతి ఆడదాన్నీ అడిగిన మనిషి, అదే లెండి, కొండముచ్చు, తనని తాను ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరి పేలు వాళ్ళు చూసుకునే అలవాటు కొండముచ్చులకు లేదు మరి. ఇదివరకైతే ఎవరో ఒకరు తనకీ చూసేవాళ్ళు. ప్రతినిధి అయ్యాక ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి అందరికీ జంకు. "అప్పా, నీ దారే పట్టించావా నన్ను" అని ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, నేరుగా నీలకంఠం గారి దగ్గరికి వెళ్ళింది.

"నాకు చీటీ కావాలి బాబూ. గడ్డ ఉంది. వాగు పొంగిందంటే మూడు నెలలు కొండ దారి మూసుకుపోతుంది. ఈలోపే వెళ్ళాలి."

నీలకంఠం గారి మొహం వాడిపోయింది. ఆ మొహంలో జాలి వెతుక్కుంది ముత్యాలు, దొరకలేదు.

"ఎంత పని చేశావమ్మా! వచ్చేవారం ఏనుగుల మండలి నుంచి తనిఖీకి వస్తున్నారు. 'గడ్డలు లేని అడవి' అని బోర్డు కూడా రాయించాం. ఇప్పుడు చీటీ ఇస్తే గడ్డ ఉన్నట్టేగా? అదీ ఎవరికి, సాక్షాత్తూ ప్రజా భాగస్వామ్యానికే!"

"నా ప్రాణం సంగతో?"

"తనిఖీ అవనీ, మొదటి చీటీ నీకే. కావాలంటే తీర్మానం చేస్తాం."

కొంగని అడిగింది. ఆయన రెండో కాలు కూడా దించకుండా, "మా లెక్క ప్రకారం ఈ అడవిలో గడ్డలు లేవు. నీకెలా వస్తుంది?" అన్నాడు.

తనిఖీ రోజు వచ్చింది. పడమటి దిక్కున నల్లటి మబ్బు పట్టింది. ఆడజంతువులన్నిటినీ వరసల్లో నిలబెట్టి, "మా అడవిలో గడ్డలు లేవు" అని ముక్తకంఠంతో అనడం ముందే నేర్పించారు. తనిఖీకి వచ్చింది భద్రమ్మ గారనే పెద్ద ఏనుగు, మండలిలో పెద్ద వైద్యురాలు. నీలకంఠం గారు పింఛం విప్పి ప్రసంగం మొదలుపెట్టారు. అది ముగిసేసరికి భద్రమ్మ గారికి కునుకు పట్టింది.

"ఇప్పుడు మా ప్రజా ప్రతినిధి దండ వేస్తారు" అన్నారు నీలకంఠం గారు.

ముత్యాలు దండ పట్టుకుని ఏనుగు మెడ మీదికెక్కింది. దండ వేసింది. దిగబోతుంటే చెవి వెనక నెత్తురు పీల్చే గోమార్లు కనబడ్డాయి, గుత్తులు గుత్తులుగా. చూసి వదిలేస్తుందా? నెల రోజులుగా పనిలేక దురదపెడుతున్న చేతులు వాటంతటవే కదిలాయి. ఒకటి తీసింది, రెండు తీసింది. భద్రమ్మ గారు హాయిగా కళ్ళు మూసుకుని, "ఆ, అక్కడే, ఇంకొంచెం కింద" అన్నారు.

చెయ్యి ఆడితే నోరు ఊరుకోదు.

"ఈ నెల రొమ్ము తడుముకున్నావా అమ్మా?"

కొంగ రెండో కాలు కింద పెట్టేశాడు.

"లేదే తల్లీ" అన్నారు భద్రమ్మ గారు మెల్లగా. "నలభై అడవులు తనిఖీ చేశాను. నన్ను ఈ మాట అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. మరి నువ్వు తడుముకున్నావా?"

ముత్యాలు చెయ్యి ఇంకా ఏనుగు చెవి మీదే ఉంది. కింద నీలకంఠం గారు తల అడ్డంగా ఊపుతున్నారు.

"తడుముకున్నానమ్మా. గడ్డ ఉంది. రేగుగింజంత, గట్టిగా. చీటీ ఇవ్వమంటే ఇవ్వలేదు. నాకు చావాలని లేదమ్మా" అంది. అని భోరుమంది.

వరసలోంచి తవిటమ్మ ఒక్క గెంతు గెంతి ముందుకొచ్చింది. "దానికి చీటీ ఇవ్వనన్నారా? నన్ను బతికించినదానికి?" అని అరిచింది. నీలకంఠం గారి పింఛం దానంతటదే ముడుచుకుపోయింది. ఆ వెనక ఒక దుప్పి వచ్చింది. "మాకూ అనుమానంగా ఉందమ్మా, చెవుల్లో కాదు" అంది. ఇంకో దుప్పి, ఒక ముళ్ళపంది, ఒక కుందేలు. చూస్తుండగానే ఏడుగురయ్యారు.

చినుకులు మొదలయ్యాయి. భద్రమ్మ గారు ముత్యాల్ని మెడ మీద అలాగే కూర్చోబెట్టుకుని, ఏడుగుర్నీ వెంటబెట్టుకుని, వాగు పొంగకముందే కొండెక్కేశారు.

ఏడుగురిలో ఆరుగురివి ఉత్త అనుమానాలే. ఏడో ఆవిడ, రెండో దుప్పి, వైద్యానికి అక్కడే ఉండిపోయింది, కోలుకుంటోంది. ముత్యాలుది చెడ్డ గడ్డే. ఒక రొమ్ము తీసేశారు. వాగు తగ్గాక చిక్కి సగమై తిరిగొచ్చింది. వచ్చింది కదా, అదే పదివేలు.

ఇప్పచెట్టు దగ్గరికొచ్చి చూస్తే అక్కడ బోర్డు ఉంది. 'ఆదర్శ వన పేల పరిశీలన కేంద్రం. వ్యవస్థాపకులు: నీలకంఠం గారు.' ప్రజలు ఇంత ధైర్యంగా నోరువిప్పిన అడవి ఇంకోటి లేదని మండలి బిరుదు ఈ అడవికే ఇచ్చిందట. దాన్ని అందుకుంటూ నీలకంఠం గారు, పేలు చూడటం మొదట్నించీ తన కలే అని చెప్పారట. ఇప్పుడాయన కొంగతో కలిసి పక్క అడవులకు వెళ్ళి శిక్షణ ఇస్తున్నారు.

ముత్యాలు ఆ బోర్డు వంక చూసి నవ్వుకుని దాని నీడలోనే చతికిలబడింది. తవిటమ్మ వచ్చి ఎదురుగా కూర్చోబోయి, ఆగి, వెనక్కెళ్ళి ముత్యాలు తల మీద చెయ్యి పెట్టింది.

"ముందు నువ్వు చెప్పవే. ఈ నెల తడుముకున్నావా?"

ఇంతకీ ఈ కథ విన్నందుకు మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: ప్రజా భాగస్వామ్యం అంటే, ప్రజలు ఎలాగూ చేసుకుపోతున్న పనిలో పెద్దలు వచ్చి భాగం పుచ్చుకోవడం.