లాయరుగారికి మాక్ డ్రిల్

ఆ రోజు పది గంటలకు ఇంట్లో తనిఖీ ఉంది. అందుకని సేఫ్టీగారు ఏడింటికి మాక్ డ్రిల్ పెట్టుకున్నారు. పెట్టుకోకపోయి ఉంటే ఆ ఇంట్లో అందరికీ వేళకు కాఫీ అయినా దొరికేది.

ఆయన రంగుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. పద్ధెనిమిదేళ్లుగా ఆ పని చేసీ చేసీ ఇంటికొచ్చాక కూడా మానలేని స్థితికి చేరుకున్నారు. మెడలో ఈల, జేబులో ఎరుపు తెలుపు చారల టేపు లేకుండా కూరగాయలకైనా వెళ్లరు. వీధిలోవాళ్లు ఆయన అసలు పేరు ఎప్పుడో మర్చిపోయారు.

తనిఖీ కుందేలు కోసం. ఎవరో ఖాళీ చేసి వెళ్లిపోయిన ఫ్లాటులో నాలుగు రోజులు తిండి లేకుండా పడి ఉంటే, జంతువుల సంరక్షణ కేంద్రం వాళ్లు కాపాడి తెచ్చారు దాన్ని. ఒళ్లంతా నలుపు, మెడ దగ్గర మాత్రం తెల్లపట్టీ. సేఫ్టీగారి పదేళ్ల కూతురు చూడగానే లాయరుగారని పేరు పెట్టేసింది. అప్పటికే రెండిళ్ల వాళ్లు ముచ్చటపడి తీసుకెళ్లి, ముచ్చట తీరాక తిరిగి ఇచ్చేశారు. మూడోదైన ఈ ఇల్లు కూడా కుదరకపోతే ఇక ఎవరికీ ఇవ్వరట, బతికినన్నాళ్లూ కేంద్రంలో ఇనప బోనే గతి. ఇంట్లో ఉంచి చూడమని ఇచ్చిన వారం రోజుల గడువు ఆ రోజుతో ఆఖరు. పిల్లకు రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

నిజం చెప్పొద్దూ, సేఫ్టీగారు ఏ లోటూ చేయలేదు. కరెంటు తీగలన్నిటికీ గొట్టాలు తొడిగారు. సోఫా కింద సందులన్నీ అట్టలతో మూశారు. ఇరవై ఏడు అంశాల పట్టిక రాసి ఫ్రిజ్‌కి అంటించారు. అందులో ఆఖరిది, ప్రమాదం వస్తే కుందేలుతో సహా అందరూ రెండు నిమిషాల్లో బయటపడటం. అదొక్కటే ఇంకా పరీక్షించలేదు.

డ్రిల్ అంటే ముందు దారులన్నీ తెరవాలి. ఆయన వీధి తలుపు తెరిచారు, పెరటి తలుపు తెరిచారు, బోను తలుపు కూడా తెరిచారు. తెరిచి, ఆ బోను పక్కనే నిలబడి, గుండెల నిండా గాలి పీల్చుకుని ఈల ఊదారు. పట్టికలో తొమ్మిదో అంశం, కుందేలు దగ్గర పెద్ద శబ్దాలు చేయరాదు.

గేటు దగ్గర తలలు లెక్కపెట్టారు. భార్య చేతిలో గరిటె, అత్తగారి నోట్లో బ్రష్, కూతురి కాళ్లకు ఒకటే చెప్పు.

"నిమిషం యాభై! శెభాష్!" అన్నారు గడియారం చూసుకుని.

"లాయరుగారేరి నాన్నా?" అంది కూతురు.

బోను ఖాళీ. భార్య వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చింది. కూతురు పెరట్లో ప్రతి కుండీ వెనకా వెతికింది. సేఫ్టీగారు మాత్రం ఆధారాలు చెదిరిపోకూడదని వంటింటికి అడ్డంగా టేపు కట్టారు. దాంతో పొయ్యి మీది పాలు పొంగి, మాడి, ఇల్లంతా పొగ కమ్మింది. పొగ చూసి ఆయన మళ్లీ ఈల తీశారు.

"ఆ ఈల ముట్టుకున్నారంటే నేనేం చేస్తానో నాకే తెలీదు," అంది భార్య.

ఆయన ఈల వదిలి కాగితాలు తీశారు. ఫ్యాక్టరీలో ఏదైనా జరిగితే అందరి దగ్గరా వాంగ్మూలం రాయించుకోవడం ఆనవాయితీ. మొదటి కాగితం అత్తగారి ముందు పెట్టారు.

దానికి కారణముంది. పది రోజులుండి వెళ్దామని వచ్చి నాలుగో నెల నడుస్తున్నా ఇక్కడే ఉన్న ఆవిడ, కుందేలు వచ్చిన రోజునే, "ఎలుక దూరితే తరిమేస్తాం, దీన్నేమో పిలిచి కూర్చోబెడతారా?" అని అందరిముందూ అంది. ఆ మాట ఆయన తారీకు వేసి రాసిపెట్టుకున్నారు.

"అత్తయ్యగారూ, కుందేల్ని ఆఖరుసారి ఎక్కడ చూశారు? ఎన్ని గంటలకి? కింద సంతకం పెట్టండి."

ఆవిడ కాగితం వంక చూసింది, అల్లుడి వంక చూసింది. "నా కూతురి ఇంట్లో నన్ను దొంగని చేస్తున్నారా అల్లుడుగారూ? చాలు. ట్యాక్సీ పిలవండి. మా చెల్లెలింటికి పోతాను."

విసురుగా గదిలోకి పోయి తలుపేసుకుంది. భార్య ఏడుపు అందుకుంది. కూతురు ఖాళీ బోను ముందు కూర్చుండిపోయింది. సేఫ్టీగారు ఏం చేయాలో తోచక ట్యాక్సీ పిలిచారు.

తొమ్మిదిన్నరకి అత్తగారు సూట్‌కేసుతో బయటికొచ్చింది. జిప్పు జానెడు మేర తెరిచే ఉంది. అదేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. సేఫ్టీగారు పెట్టె అందుకుని గేటు తీశారు. ఎదురుగా ఒకావిడ, నీలం చొక్కా, చేతిలో తాళాలు.

"ట్యాక్సీ తెచ్చారా, మంచిది," అన్నారు ఆయన గొంతు తగ్గించి. "తొందరగా బయల్దేరండి. పదింటికి కుందేలు వాళ్లు తనిఖీకి వస్తున్నారు. ఆలోపు మా అత్తగారు ఇంట్లో ఉండకూడదు."

"ఎందుకండీ?"

"ఉంటే ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. పొద్దున నేనే బోను తెరిచి ఈల వేశాను. కుందేలు కనిపించటంలేదు. డాక్టరు దగ్గరికి పంపామని చెబుదామనుకుంటున్నా. నమ్ముతారంటారా?"

"నమ్మరండీ," అంది ఆవిడ. "ఆ తనిఖీకి వచ్చింది నేనే. కాస్త ముందొచ్చాను."

వెనకాల అసలు ట్యాక్సీ వచ్చి హారన్ కొట్టింది. సరిగ్గా అప్పుడే సేఫ్టీగారి చేతిలోని సూట్‌కేసు లోపలినుంచి టప్పుమని తన్నింది. పద్ధెనిమిదేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే ఈల మీదికి పోయింది.

"వద్దు!" నలుగురు ఆడవాళ్లూ ఒకేసారి అరిచారు. కూతురు ఎగిరి ఈలను తాడుతో సహా లాగేసుకుంది.

అత్తగారు గబగబా వచ్చి పెట్టె నేల మీద దింపి జిప్పు తీసింది. ఆవిడ ఉన్ని శాలువాలో, కొత్తిమీర కట్ట పక్కన, లాయరుగారు కూర్చుని ఉన్నారు.

"అమ్మమ్మా! నువ్వా!"

"నేనేం పెట్టలేదే. ఈల దెబ్బకి అదే వచ్చి నా పెట్టెలో దూరింది. రోజూ మధ్యాహ్నం అందులోనే కదా పడుకుంటుంది." ఆ మాట జారాక ఇక దాచి లాభం లేదనుకుందేమో, కుందేల్ని ఒళ్లోకి తీసుకుంది. "బట్టలు సర్దుకుందామని చూస్తే శాలువాలో గడగడా వణుకుతోంది. పైకి చెబితే మీ నాన్న మళ్లీ ఎక్కడ ఊదుతాడోనని భయమేసింది. ఆ భయంలో తనిఖీ సంగతే మర్చిపోయి, రెండు రోజులు చెల్లెలింట్లో ఉంచి తెద్దామనుకున్నా. అయినా ఈ పిచ్చి ముండ నాకేం అడ్డమే?" కళ్లు తుడుచుకుంది.

సేఫ్టీగారు తల ఎత్తలేదు. "తప్పయిపోయింది అత్తయ్యగారూ," అన్నారు. ఆయన నోట ఆ మాట అందరూ మొదటిసారి విన్నారు. ట్యాక్సీ ఖాళీగా వెళ్లిపోయింది.

తనిఖీకి వచ్చినావిడ ఇల్లంతా తిరిగింది. గొట్టాలు చూసింది, అట్టలు చూసింది, ఫ్రిజ్ మీది పట్టిక మొత్తం చదివి, తొమ్మిదో అంశం దగ్గర కాసేపు ఆగింది. లాయరుగారు అత్తగారి ఒళ్లో కునుకు తీస్తున్నారు. తనిఖీ ఆవిడ ఫారం తీసి, పెంచేవారి పేరు దగ్గర అత్తగారి పేరు రాసింది. కూతురు ఎగిరి గంతేసి వెంటనే నోరు మూసుకుంది, కుందేలు లేస్తుందని.

ఫారంలో ఆఖరి గడి, ఇంట్లో ఉన్న ప్రమాదాలు. ఆవిడ కాస్త ఆలోచించి రాసింది: "ఒకటే. ఈల వేస్తుంది."

పై వివరాలు నిజమేనని ధ్రువీకరిస్తూ కింద సేఫ్టీ ఆఫీసరు సంతకం పెట్టారు.